ఫొటో జూమ్ లెన్స్‌తో సినిమా కెమెరాపై షూట్ చేయడం ఎలా?

"పెళ్లిళ్లకు వాడే 24-70 మి.మీ. జూమ్ లెన్స్ నా దగ్గరుంది, 70-200 కూడా ఉంది. షార్ట్ ఫిల్మ్ కోసం సినిమా కెమెరా రెంట్‌కి తెస్తున్నాం. లెన్సులు కూడా రెంట్‌కి తేవాలా, ఇవే సరిపోతాయా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు, అందరికీ ఒకేచోట జవాబు ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

సరిపోతాయి. బాగా తీస్తే తెరమీద చూసేవాళ్లకు తేడా తెలియదు కూడా. కాకపోతే ఒక షరతు ఉంది. ఫొటో జూమ్‌ని షాట్ నడుస్తుండగా తిప్పే జూమ్ అనుకోవద్దు. 24, 35, 50, 70 అనే నాలుగు ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు ఒకే లెన్సులో ఉన్నాయనుకోండి. షాట్ మొదలయ్యే ముందు ఒకటి ఎంచుకుంటారు, ఫోకస్ సరిచేస్తారు, కట్ చెప్పేదాకా జూమ్ రింగ్ ముట్టుకోరు. కింద చెప్పేదంతా ఈ పద్ధతి కుదరడానికే.

ఉదాహరణకి కెనాన్ ఈఎఫ్ 24-70 ఎఫ్ 2.8 లెన్స్, బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కె కెమెరా తీసుకుంటున్నాను. మన దగ్గర చిన్న యూనిట్లకు సులభంగా దొరికే జోడీ ఇది. మీ జోడీ వేరైతే ఎక్కడ మారుతుందో ఆయా చోట్ల చెప్తాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- లెన్స్, కెమెరా, మౌంట్లు (లెన్స్ కెమెరాకి బిగిసే చోటు) వేరైతే అడాప్టర్
- గట్టి ట్రైపాడ్
- 15 మి.మీ. రాడ్లు, వాటికి బిగించే లెన్స్ సపోర్ట్
- ఫాలో ఫోకస్, అంటే లెన్స్ ఫోకస్ రింగుని తిప్పే చక్రం (చేత్తో తిప్పేదైనా, వైర్‌లెస్ మోటారైనా)
- లెన్స్ ఫోకస్ రింగుకి తొడిగే 0.8 పిచ్ (పళ్ల కొలత) గేర్ రింగ్
- వేరియబుల్ ఎన్డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే గాజు, తిప్పితే ఎంత తగ్గాలో మారుతుంది), అవసరమైతే స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్సుకి పెద్ద ఫిల్టర్ బిగించేది)
- అడుగుల టేపు, తెల్ల పేపర్ టేపు, సన్న మొన మార్కర్
- గ్రే కార్డు, గోడకి అంటించడానికి ఒక న్యూస్‌పేపర్

లెన్స్ టెస్టుకి ప్రత్యేకంగా చార్టు కొననక్కర్లేదు. క్లాసిఫైడ్స్ పేజీ చాలు. చిన్న అక్షరాలు, సన్న గీతలు నిండా ఉంటాయి కాబట్టి ఫోకస్ ఏమాత్రం తప్పినా వెంటనే కనబడుతుంది.

1. మౌంట్ కలుస్తుందో లేదో ముందు చూసుకోండి

లెన్స్ వెనక అంచు నుంచి సెన్సర్ దాకా ఉండాల్సిన దూరం ఒక్కో మౌంట్‌కి ఒక్కోలా ఉంటుంది. కెనాన్ ఈఎఫ్‌కి 44 మి.మీ., నికాన్ ఎఫ్‌కి 46.5, సినిమా లెన్సుల పీఎల్‌కి 52. సోనీ ఈ-మౌంట్‌కి 18, కెనాన్ ఆర్ఎఫ్‌కి 20 మాత్రమే.

లెన్స్ దూరం కెమెరా దూరం కన్నా ఎక్కువైతే మధ్యలో అడాప్టర్ పట్టే చోటు ఉంటుంది. తక్కువైతే ఉండదు. అందుకే నికాన్ లెన్స్ ఈఎఫ్ కెమెరాకి ఎక్కుతుంది, ఈఎఫ్ లెన్స్ సోనీ ఎఫ్ఎక్స్ 3కీ రెడ్ కొమోడోకీ ఎక్కుతుంది. పీఎల్ మౌంట్ కెమెరా మీద మాత్రం ఈఎఫ్ లెన్స్ మామూలు అడాప్టర్‌తో పనిచేయదు. రెంట్‌కి తీసుకునేటప్పుడు "మౌంట్ ఏంటి?" అని తప్పకుండా అడగండి. కొన్ని కెమెరాలకు మౌంట్ మార్చుకునే వీలుంటుంది, ఈఎఫ్ మౌంట్ వేసి ఇమ్మని ముందే చెప్పాలి.

అడాప్టర్‌లో ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నాయో లేదో కూడా చూడండి. ఈఎఫ్ లెన్సుకి అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) రింగ్ ఉండదు, కెమెరా కరెంట్ ఇస్తేనే అపర్చర్ కదులుతుంది. కాంటాక్టులు లేని అడాప్టర్ తప్పక వాడాల్సి వస్తే ఒక దారి ఉంది. లెన్సుని కెనాన్ ఫొటో కెమెరాకి పెట్టి, కావలసిన అపర్చర్ సెట్ చేసి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ ఊడదీస్తే అపర్చర్ అక్కడే నిలిచిపోతుంది. మార్చాలంటే మళ్లీ ఇదంతా చేయాలి. అత్యవసరానికే తప్ప షూటింగంతా ఇలా నడపలేరు.

2. ఫ్రేమ్ ఎంత వస్తుందో లెక్క వేసుకోండి

పాకెట్ 6కె సెన్సర్ వెడల్పు 23.1 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద ఫొటో కెమెరాల సెన్సర్) 36. అంటే 24 పెడితే ఫుల్ ఫ్రేమ్ మీద దాదాపు 37 పెట్టినట్టు కనిపిస్తుంది, 70 పెడితే 109లా ఉంటుంది. పెళ్లి మండపంలో మీకు అలవాటైన వైడ్ ఇక్కడ రాదు. మామూలు అపార్ట్‌మెంట్ హాల్లో నలుగురు మనుషుల్ని ఫ్రేమ్‌లో పెట్టాలంటే 24 చాలదు. సిగ్మా 18-35 ఎఫ్ 1.8, టోకీనా 11-16 ఎఫ్ 2.8 లాంటి ఏపీఎస్-సి (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ కోసం చేసిన) లెన్సులు ఈ కెమెరాకి బాగా సరిపోతాయి. అవే లెన్సులు ఫుల్ ఫ్రేమ్ సినిమా కెమెరా మీద పెడితే మూలలు నల్లబడతాయి.

పాకెట్ 4కె అయితే సెన్సర్ ఇంకా చిన్నది, 18.96 మి.మీ. దానికి 0.71 లేదా 0.64 స్పీడ్ బూస్టర్ (లోపల గాజు ఉండే అడాప్టర్) వాడితే వైడ్ కొంత తిరిగొస్తుంది, వెలుగు కూడా ఒక స్టాప్ (అంటే రెట్టింపు) లేదా అంతకన్నా కాస్త ఎక్కువ కలిసొస్తుంది. బూస్టర్ మీ లెన్సుకి సరిపోతుందో లేదో షాపులోనే పెట్టి చూసుకోండి. కొన్ని ఏపీఎస్-సి లెన్సుల వెనక భాగం దాని గాజుకి తగిలే ప్రమాదం ఉంది.

3. స్విచ్‌లు, సెట్టింగులు

లెన్స్ మీద ఏఎఫ్ (ఆటోఫోకస్) స్విచ్ చేతి ఫోకస్ ఎంఎఫ్‌కి మార్చండి. 70-200, 24-105 లాంటి వాటికి స్టెబిలైజర్ ఉంటే ట్రైపాడ్ మీద ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉంచితే పాన్ ఆగిన చోట ఫ్రేమ్ కాస్త తేలుతుంది, లెన్స్ లోపలి గుయ్యిమనే శబ్దం కెమెరా మైక్‌లో పడుతుంది. చేతిలో పట్టుకుని తీస్తుంటే మాత్రం ఆన్ చేసుకోండి, అప్పుడది నిజంగా ఉపయోగం.

కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ పూర్తిగా ఆఫ్ చేయండి. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములకి 180 డిగ్రీలు, 24 ఫ్రేములకి 172.8 డిగ్రీల షటర్ పెట్టండి. ట్యూబ్‌లైట్ల కింద ఫ్లికర్ రాకుండా ఉంటుంది.

4. న్యూస్‌పేపర్ టెస్ట్

షూటింగ్ ముందు రోజు తప్పకుండా చేయాల్సిన పని ఇది. సినిమా జూమ్‌లో ఒకచోట ఫోకస్ పెట్టి జూమ్ తిప్పితే ఫోకస్ అక్కడే ఉంటుంది. ఫొటో జూమ్‌లు చాలావరకు అలా ఉండవు, ఎందుకంటే ఫొటో తీసేటప్పుడు జూమ్ మార్చాక ఆటోఫోకస్ మళ్లీ పట్టుకుంటుంది. మీ లెన్స్ ఎంత తప్పుతుందో మీరే కొలవాలి. ఒకే మోడల్‌లో రెండు లెన్సులు కూడా ఒకేలా ఉండవు.

ఇలా చేయండి:

అ. పేపర్‌ని గోడకి ముడతలు లేకుండా అంటించండి. కెమెరా ట్రైపాడ్ మీద, పేపర్‌కి ఎదురుగా, ఆరడుగుల దూరంలో ఉండాలి. దూరాన్ని లెన్స్ ముందు అంచు నుంచి కాదు, సెన్సర్ ఉండే చోటు నుంచి కొలవండి. చాలా కెమెరా బాడీల మీద దానికి గుర్తు ఉంటుంది, అడ్డగీత కొట్టిన సున్నా.

ఆ. అపర్చర్ పూర్తిగా తెరవండి, అంటే 2.8. మూసి పెడితే లోపం దాక్కుంటుంది.

ఇ. 70కి జూమ్ చేసి, స్క్రీన్ మీద రెండుసార్లు తట్టి, బొమ్మ పెద్దది చేసి ఫోకస్ పట్టండి.

ఈ. రికార్డ్ నొక్కి, ఫోకస్ రింగ్ ముట్టుకోకుండా 50, 35, 24కి రండి. ఒక్కోచోట మూడు సెకన్లు ఆగండి.

ఉ. ఇప్పుడు 24 దగ్గర ఫోకస్ పట్టి, తిరుగు దారిలో 70 దాకా వెళ్లండి.

ఊ. ఇదే పని కనీసం ఇరవై అడుగుల దూరంలో ఇంకోసారి చేయండి.

ఫుటేజీని కెమెరా స్క్రీన్ మీద చూసి సరే అనుకోవద్దు. కంప్యూటర్లో వంద శాతం సైజులో చూడండి. 70 దగ్గర అక్షరాలు చదవగలిగి 24 దగ్గర చదవలేకపోతే గాభరా పడకండి. 24లో అక్షరాలే చిన్నవైపోతాయి. అదే 24 దగ్గర విడిగా ఫోకస్ పట్టిన ముక్కతో పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా అప్పుడే నిజంగా తెలుస్తుంది.

ఇదే టెస్టులో ఇంకో రెండు విషయాలు కూడా చూడండి. ఫ్రేమ్ మధ్యలో ఉన్న అక్షరం జూమ్ మారేకొద్దీ పక్కకి జరుగుతోందా? జరిగితే షాట్‌లో జూమ్ పనికిరాదనడానికి అదింకో కారణం. ఫోకస్ రింగ్‌ని దగ్గర నుంచి దూరానికి తిప్పినప్పుడు ఫ్రేమ్ పెద్దదీ చిన్నదీ అవుతోందా? దాన్ని బ్రీతింగ్ అంటారు. నికాన్ 70-200 ఎఫ్ 2.8 రెండో వెర్షన్‌లో ఇది బాగా ఎక్కువ. దగ్గరి ముఖం మీద నుంచి వెనక మనిషి మీదకి ఫోకస్ మార్చే షాట్‌కి అలాంటి లెన్స్ వాడకండి.

అడాప్టర్ వాడుతుంటే ఇంకో పరీక్ష కావాలి. మేడ మీదకెళ్లి బాగా దూరంలో ఉన్న సెల్ టవర్‌ని 24లో, 70లో ఫోకస్ పట్టండి. రింగ్ చివరిదాకా తిప్పినా టవర్ స్పష్టంగా రాకపోతే అడాప్టర్ మందం ఎక్కువైంది. దాన్ని మార్చాల్సిందే. ఇన్ఫినిటీ (∞, అతి దూరం) గుర్తు చేరకముందే స్పష్టంగా వస్తే అడాప్టర్ కాస్త పలచనైనా అయ్యుండాలి, లేదా లెన్స్ తయారీలోనే ఇన్ఫినిటీ దాటి కొంత చోటు వదిలి ఉండాలి. పని ఆగదు. అడాప్టర్ తేడా వైడ్‌లోనే ఎక్కువ బయటపడుతుంది కాబట్టి 24 దగ్గర జాగ్రత్తగా చూడండి.

5. లెన్స్ ఊగకుండా కట్టేయండి

ఫొటో మౌంట్‌లో లెన్స్ పెట్టాక చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పితే వెంట్రుకవాసి కదులుతుంది. ఫొటోలకి ఫర్వాలేదు. ఫాలో ఫోకస్ మోటారు రింగుని తిప్పినప్పుడు మాత్రం ముందు లెన్స్ కాస్త ఒరిగి, ఆ తర్వాతే రింగ్ తిరుగుతుంది. ఫుటేజీలో అది ఫోకస్ మారే క్షణంలో ఫ్రేమ్ చిన్నగా ఎగిరినట్టు కనబడుతుంది. ఎడిటింగ్‌లో సరిచేయడం చాలా కష్టం.

రాడ్ల మీద సపోర్ట్ బిగించి లెన్స్ కింద ఆనించండి, పైకి నెట్టకుండా తగిలీ తగలనట్టు. 70-200కి దాని కాలర్ (ట్రైపాడ్ బిగించే పట్టీ) ఉంది, ట్రైపాడ్‌ని అక్కడే బిగించి కెమెరాకి కింద ఇంకో ఆసరా ఇవ్వండి. తర్వాత పేపర్ మీద ఫోకస్ పెట్టి, రింగుని గబగబా అటూ ఇటూ తిప్పుతూ రికార్డ్ చేసి చూడండి. అక్షరాలు మసకబారడం మామూలే, పక్కకి మాత్రం గెంతకూడదు.

24-70 జూమ్ మార్చినప్పుడు దాని గొట్టం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బరువైన మ్యాట్ బాక్స్ (లెన్స్ ముందు పెట్టే నీడ డబ్బా) దానికి వేలాడదీయకండి, రాడ్ల మీద నిలబడేది వాడండి. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) మీదైతే ఫోకల్ లెంగ్త్ (24, 35 లాంటి జూమ్ అంకె) మార్చిన ప్రతిసారీ బ్యాలెన్స్ చూసుకోవాలి. ఆ బాధ వద్దనుకుంటే సిగ్మా 18-35 మంచిది. జూమ్ చేసినా దాని పొడవు మారదు.

6. గేర్, మార్కులు

ఎక్కువమంది షూటింగ్ ఇక్కడే దెబ్బతింటుంది.

సినిమా లెన్స్ ఫోకస్ రింగ్ రెండు చివరలా గట్టిగా ఆగిపోతుంది. కెనాన్ 24-70 రింగ్ ఆగదు. చివర చేరాక కాస్త బరువుగా అనిపిస్తుంది, ఇంకా తిప్పితే ఊరికే తిరుగుతూ పోతుంది. లోపలి అద్దాలు కదలవు. లెన్స్ మీద కిటికీలో కనిపించే దూరాల స్కేల్ కూడా కదలదు. కానీ మీరు మార్కులు పెట్టుకున్న ఫాలో ఫోకస్ చక్రం కదిలిపోయింది. మొదటి టేక్‌లో సరిగ్గా ఉన్న మార్కులన్నీ రెండో టేక్‌కి తప్పు. ఫోకస్ పుల్లర్ (షాట్‌లో ఫోకస్ తిప్పే అసిస్టెంట్) మాత్రం సరిగ్గానే చేశాననుకుంటాడు.

దీనికి పద్ధతి ఇది. గేర్ రింగ్ లెన్సుకి జారకుండా బిగించండి. వదులుగా ఉంటే రబ్బరు రింగ్ మీదే జారుతుంది. ఫోకస్ రింగుని అతి దగ్గరి దూరం వైపు మెల్లగా తిప్పి, బరువు తగలగానే ఆపండి. చక్రం మీద అక్కడ మొదటి గీత గీయండి. అది మీ ఆధారం. అప్పుడు ఆర్టిస్ట్ నిలబడే చోట్లను టేపుతో కొలిచి, ఒక్కోచోట మనిషిని నిలబెట్టి, కంటి మీద ఫోకస్ పట్టి గీతలు పెట్టండి. ప్రతి టేక్ ముందు రింగుని మెల్లగా మొదటి గీతకి తెచ్చి చూడండి. బరువు తగిలేది, గీత కలిసేది ఒకేచోట అయితే మార్కులు సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే మళ్లీ పెట్టాలి.

వైర్‌లెస్ మోటారుకి ఆటో కాలిబ్రేషన్ నొక్కకండి. ఆగే చోటు లేక మోటారు వెతుకుతూనే ఉంటుంది. మాన్యువల్ కాలిబ్రేషన్‌లో రెండు చివరలు మీరే పెట్టండి. చివరకి వెంట్రుకవాసి ముందే హద్దు పెడితే రింగ్ ఎప్పటికీ జారదు. చేతి ఫాలో ఫోకస్ కన్నా ఈ లెన్సులకు మోటారే నయమని నేను చెప్పేది అందుకే.

ఫోకల్ లెంగ్త్ మార్చితే పాత మార్కులు పనికిరావు. 4వ స్టెప్‌లో మీ లెన్స్ ఫోకస్ నిలబెట్టుకుందని తేలితే తప్ప, 35కి ఒక రంగు, 50కి ఇంకో రంగు మార్కులు పెట్టుకోండి. జూమ్ రింగ్ మీద పేపర్ టేపు అంటించి కదలకుండా చేయండి. కెమెరా కిందికి వంచి తీసే షాట్లలో లెన్స్ బరువుకి జూమ్ తనంతట తానే జారిపోవచ్చు.

నికాన్ లెన్సులు ఫోకస్‌కి కెనాన్‌కి ఎదురు దిశలో తిరుగుతాయి. రెండూ కలిపి వాడుతుంటే మోటారు సెట్టింగులో దిశ మార్చండి. హడావుడిలో చెయ్యి అలవాటైన వైపే వెళ్తుంది.

సోనీ, పానాసోనిక్ మిర్రర్‌లెస్ లెన్సుల్లోనూ కెనాన్ ఎస్టీఎం లెన్సుల్లోనూ ఫోకస్ రింగ్ అద్దాలకి నేరుగా తగిలి ఉండదు, మోటారుకి సంకేతం పంపుతుంది అంతే. వేగంగా తిప్పితే ఎక్కువ, మెల్లగా తిప్పితే తక్కువ కదలొచ్చు. అలాంటి లెన్స్ మీద మార్కులకి అర్థం లేదు. కెమెరా మెనూలో లీనియర్ ఫోకస్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఆ లెన్సుని ఫోకస్ మారని షాట్లకే ఉంచండి.

7. అపర్చర్, వెలుగు

2.8 ఉంది కదా అని 2.8లోనే తీయకండి. 70 మి.మీ., 2.8, ఆరడుగుల దూరం అంటే ఫోకస్‌లో ఉండేది సుమారు మూడు అంగుళాలే. ఆర్టిస్ట్ ముందుకి వంగి టీ గ్లాసు తీసుకుంటే చాలు, సాఫ్ట్ (మసక) పడుతుంది. మీ ఫోకస్ పుల్లర్ కొత్తవాడైతే 4, 5.6 మధ్య పని చేయండి. చాలా లెన్సులు అక్కడే ఎక్కువ షార్ప్‌గా కూడా ఉంటాయి.

షాట్ మధ్యలో అపర్చర్ మార్చకండి. ఎలక్ట్రానిక్ అపర్చర్ మెట్లు మెట్లుగా కదులుతుంది, వెలుగు టకటకా మారడం స్పష్టంగా తెలుస్తుంది. ఇంట్లోంచి ఎండలోకి నడిచే షాట్ ఉంటే వేరియబుల్ ఎన్డీని తిప్పడం మేలు.

24-70 రెండో వెర్షన్ ఫిల్టర్ సైజు 82, 70-200 ఎఫ్ 2.8కి 77, సిగ్మా 18-35కి 72. ఒక్క 82 ఎన్డీ కొని మిగతా వాటికి స్టెప్-అప్ రింగులు వేసుకుంటే డబ్బు మిగులుతుంది. పాకెట్ 6కె ప్రోలో 2, 4, 6 స్టాప్‌ల ఎన్డీ లోపలే ఉంది. మామూలు 6కెలో లేదు. బయట ఎండలో గట్టి ఎన్డీ వాడినప్పుడు నల్ల బట్టలు గోధుమరంగులోకి తిరిగితే ఐఆర్ (కంటికి కనబడని పరారుణ కాంతి) కూడా ఆపే ఎన్డీ కావాలి.

18-55 ఎఫ్ 3.5-5.6 లాంటి కిట్ లెన్స్ అయితే మొదటి నుంచీ 5.6 దగ్గరే పెట్టుకోండి, ఫోకల్ లెంగ్త్ మార్చాక ఎక్స్‌పోజర్ మళ్లీ చూడండి. లెన్సులు మార్చినప్పుడు కూడా అంతే. ఎఫ్ నంబర్ లెక్క మాత్రమే, నిజంగా సెన్సర్‌కి చేరే వెలుగు లెన్సుని బట్టి మారుతుంది. గ్రే కార్డు పెట్టి ఫాల్స్ కలర్ (వెలుగు ఎంతుందో రంగుల్లో చూపే ఆప్షన్) ఆన్ చేయండి. బ్లాక్‌మ్యాజిక్‌లో కార్డు ఆకుపచ్చగా వస్తే మధ్యస్థం. రెండు లెన్సుల్లోనూ ఆకుపచ్చ వస్తేనే ఆ రెండు షాట్లు ఎడిట్‌లో అతుకుతాయి.

షాట్‌లో జూమ్ కావాల్సిందే అంటే?

మొదటి దారి, 6కెలో తీసి ఎడిటింగ్‌లో లోపలికి వెళ్లడం. 6144 పిక్సెళ్ల ఫ్రేమ్‌ని 3840 టైమ్‌లైన్‌లో పెడితే 1.6 రెట్లు పెద్దది చేసినా నాణ్యత పోదు. నిదానంగా ముఖం మీదకి వెళ్లే షాట్‌కి ఇది చాలు.

రెండో దారి, లెన్స్ మీదే చేయడం. 5.6 లేదా 8 పెట్టండి, 70లో ఫోకస్ పట్టి 24కి రండి, అక్కడి నుంచి మొదలుపెట్టి 70కి వెళ్లండి. టెస్టులో మీ లెన్స్ పాసైతేనే ఇది చేయండి. చెయ్యి వణకకుండా రింగుకి చిన్న లివర్ తగిలించండి.

అలాంటి షాట్లు కథలో చాలా ఉంటే వాటిని ఒకే రోజుకి చేర్చి, ఆ రోజుకి సినిమా జూమ్ రెంట్‌కి తెచ్చుకోండి. సిగ్మా 18-35 టీ 2 (టీ అంటే నిజంగా చేరే వెలుగు కొలత), 50-100 టీ 2 ఈఎఫ్ మౌంట్‌లోనూ వస్తాయి, ఇదే కెమెరాకి నేరుగా ఎక్కుతాయి.

సెట్‌లో తరచూ జరిగే తప్పులు

ఫోకస్ పట్టడానికి 70కి జూమ్ చేసి, తర్వాత 35కి వచ్చి షూట్ చేయడం. ఇది సినిమా జూమ్ అలవాటు, ఫొటో జూమ్‌కి పనికిరాదు. 35లో తీస్తే 35లోనే ఫోకస్ పట్టండి.

పీకింగ్ గీతలు (ఫోకస్‌లో ఉన్న అంచుల మీద కెమెరా చూపే రంగు గీతలు) కనబడ్డాయి కదా అని రికార్డ్ నొక్కడం. వైడ్‌లో పీకింగ్ అన్నిటికీ వెలుగుతుంది. బొమ్మ పెద్దది చేసి కన్ను చూడండి.

రిహార్సల్ ఒక ఫోకల్ లెంగ్త్‌లో చేసి, "కొంచెం టైట్ చేద్దాం" అని టేక్ ముందు జూమ్ కదపడం. డైరెక్టర్ అడిగితే చేయండి, కానీ ఫోకస్ మార్కులకి రెండు నిమిషాలు అడగండి.

లంచ్ బ్రేక్‌లో లెన్స్ మార్చి తిరిగి పెట్టాక ఏఎఫ్ స్విచ్ చూడకపోవడం.

ఫలితం సరిచూసుకోవడానికి ప్రతి సెటప్‌లో ఒక్క టేక్ అయినా అక్కడే పెద్దది చేసి మొత్తం వెనక్కి చూడండి. మొదట్లో కన్ను, మధ్యలో ఆర్టిస్ట్ కదిలిన చోటు, చివర ఆగిన చోటు, ఈ మూడు షార్ప్‌గా ఉంటేనే తర్వాతి సెటప్‌కి కదలండి. మధ్యలో మాత్రమే సాఫ్ట్ అయితే మార్కు తప్పింది. మొత్తం ఒకేలా సాఫ్ట్ అయితే చక్రం జారిందో లేదో మొదటి గీత దగ్గర చూడండి. ఒకపక్క మాత్రమే సాఫ్ట్ అయితే లెన్స్ మౌంట్‌లో సరిగ్గా కూర్చోలేదు, ఊడదీసి మళ్లీ పెట్టండి.

ప్యాకప్ అయ్యాక గేర్ రింగ్ తీసేయండి, టేపు జిగురు లెన్స్ మీద ఆరిపోకముందే తుడవండి, స్టెబిలైజర్, ఏఎఫ్ స్విచ్‌లు తిరిగి ఆన్ చేయండి. అదే లెన్స్ రేపు ముహూర్తం టైమ్‌కి పెళ్లి మండపంలో పని చేయాలి.